పొట్టేలు ఇష్టం

శనివారం వచ్చిందంటే గుర్వయ్యకు భయం పట్టుకునేది. యాదగిరి నర్సింహస్వామి పేర ఆయన ఆ రోజు ఒక్కపొద్దు ఉండేవాడు. ఆకలికి భయపడే మనిషి కాదు. పెళ్లాం గోపమ్మ ఎదురుగా కూర్చుంటుందని భయం. తక్కిన రోజుల్లో రెండు పూటలూ అరకడుపుకు గటక తాగేవాడు, శనివారం ఒంటిపూటే కదా అని మూడు పూటలకు సరిపడా వడ్డించుకునేవాడు. మరి ఉపవాసం ఏ రోజు ఉన్నట్టు అని ఆమె ఒకసారి అడిగింది. వెక్కిరింపు కాదు, నిజంగానే తెలుసుకుందామని. గుర్వయ్య ముద్ద మింగలేక కక్కలేక, పళ్లెం పట్టుకుని గొర్ల దొడ్లోకి పోయి తిన్నాడు.

గోపమ్మ తీరే అంత. రాచకొండ గుట్టల కింద ఆ ఊళ్లో నలభై గొర్లు కాసుకుంటూ, ఉన్ని వడుక్కుంటూ బతికే మనిషి. బడి మొఖం ఎరగదు. కానీ మాట ఎక్కడ మెలిక పడిందో ఆమె చెవికి ఇట్టే దొరికేది. టీకాలు వేసే ఆయన వచ్చినప్పుడు ఊరంతా జొన్నచేలల్లో దాక్కుంటే, చెయ్యి చాపింది ఆమె ఒక్కతే. చాపేముందు సంగతి కనుక్కుంది. రోగం రాకుండా ఉండాలంటే ఆ జాతిదే చిన్న రోగం ఒంట్లోకి ఎక్కించాలని ఆయన చెప్పాడు. దొంగలు పడకుండా ఒక చిన్న దొంగను ఇంట్లో పెట్టుకోవడమా అని ఆమె అడిగితే, ఆయన సూది తుడుచుకుంటూ దాదాపు అంతే అన్నాడు. వాచిన చెయ్యిని ఎనిమిది రోజులు ఊరందరికీ చూపించి "గిదే నా చిన్న దొంగ" అని చెప్పుకుంది.

జర్మనీ యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఆమె అడగడం ఆమె మెడకే చుట్టుకుంది. దొర కొడుకుకు జ్వరం తగ్గింది. మైసమ్మకు మొక్కు చెల్లించాలి. మొక్కింది దొర, పొట్టేలు మాత్రం గోపమ్మది. మందలో ఉన్నది అదొక్కటే విత్తనపు పొట్టేలు. నల్లగా, మెలి తిరిగిన కొమ్ములతో, ఎవరిని చూసినా లెక్కలేనట్టు నిలబడేది. అది పోతే ఆ ఏడు గొర్లు కట్టవు, పిల్లలుండవు, వచ్చే చలికాలానికి ఇంట్లో గింజలుండవు.

ఎప్పటిలా అయితే దొర మనుషులు వచ్చి తోలుకుపోయేవాళ్లు, అంతే. కానీ ఈసారి పండుగకు తహశీల్దారు సాబు వస్తున్నాడు. బలవంతంగా ఎవరి దగ్గరా ఏమీ తీసుకోవద్దని పైనుంచి హుకుం ఉందట. అందుకని పట్వారి రామచంద్రయ్య కాగితం, సిరా పట్టుకుని ఆమె వాకిట్లోకి వచ్చాడు. ఎవరి బలవంతం లేకుండా, నా ఇష్టపూర్వకంగా పొట్టేలును ఇస్తున్నానని రాసి ఉంది.

"తెల్వక అడుగుత పంతులూ, ఇష్టం లేదంటే ఏమైతది?" అంది గోపమ్మ.

"ఇష్టం అయ్యేదాక దొర గడి ముంగట ఎండల నిలబెడ్తరు."

"అయితే ఇష్టం లేకుంట ఉండరాదు."

"ఉండరాదు."

"ఉండరానప్పుడు, ఉన్నదని మల్ల కాయితమెందుకు?"

పట్వారి సిరాబుడ్డి మూత తీశాడు. ముప్పై ఏళ్ల కొలువులో ఆ మాట ఎవరూ అడగలేదు. వెనక నుంచి గుర్వయ్య పెళ్లాం చెయ్యి పట్టుకుని, బొటనవేలు తానే సిరాలో ముంచి, కాగితం మీద అద్దాడు. ఇష్టపూర్వకం అట్లా పూర్తయింది.

పండుగ నాడు మైసమ్మ గద్దె ముందు ఊరంతా చేరింది. మైసమ్మకు పూజ చేసే బైండ్ల ఐలేశం జమిడిక వాయించి, పొట్టేలు మీద పసుపు నీళ్లు చల్లాడు. జీవం ఒళ్లు విదిలిస్తేనే అమ్మవారు ఒప్పుకున్నట్టు. విదిలించకుండా కత్తి ఎత్తకూడదు, అది తాతల నాటి కట్టు. మామూలుగా నాలుగు చుక్కలు పడగానే విదిలిస్తాయి. ఈ పొట్టేలు మెడలో వేసిన బంతిపూల దండ నములుతూ నిలబడింది. ఐలేశం మళ్లీ చల్లాడు. ముంత ఖాళీ అయింది, రెండో ముంత తెచ్చారు. పొద్దు నెత్తి మీదికొచ్చింది. దండ అయిపోయింది.

కుర్చీలో కూర్చున్న తహశీల్దారు సాబు దేనికోసం ఆగారని అడిగాడు. పట్వారి ఉర్దూలో, పొట్టేలు ఒప్పుకోవాలి హుజూర్ అని విన్నవించాడు. ఒప్పుకోకపోతేనో అని సాబు అడిగాడు. ఐలేశానికి కల్లబొల్లి మాటలు రావు. ఇచ్చినోళ్ల మనసులో ఇష్టం లేకుంటే అమ్మ తీసుకోదని ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

దొర మొహం కందిపోయింది. కాగితం బయటికి తీశారు. పట్వారి గట్టిగా చదివాడు. సాబు గోపమ్మను పిలిచి, వచ్చీరాని తెలుగులో నిజంగా నీకిష్టమేనా అని అడిగాడు.

జమిడిక ఆగిపోయింది. లేదంటే రేపటి నుంచి ఆ ఊళ్లో బతుకు లేదు. అవునంటే పొట్టేలు లేదు. ఇన్నేళ్లూ ఊరిని అడిగిన గోపమ్మను ఇప్పుడు ఊరంతా కళ్లు పెట్టి చూస్తోంది. గుర్వయ్య నర్సింహస్వామికి ఇంకో వారం ఒక్కపొద్దు మొక్కుకున్నాడు.

"నాకు ఇష్టమే సాబ్," అంది ఆమె చేతులు కట్టుకుని. "ఇష్టమైందని నాకు పంతులు జెప్పిండు. గీ పొట్టేలుకే ఇంకా ఎవ్వలు చెప్పలే."

సాబు ముందు దగ్గాడు. తరవాత నవ్వాడు. నోట్లో పాన్ ఉండబట్టి ఆ నవ్వు చాలా దూరం పోయింది, పట్వారి అంగీ ఎర్రబడింది. నవ్వడం అయ్యాక దొర వైపు తిరిగి చూస్తూ కూర్చున్నాడు. ఆ చూపు కింద దొరకు ఎంత తొందరగా దయ పుట్టుకొచ్చిందంటే, జీవానికి ఇష్టం లేనప్పుడు మనకు జబర్దస్తీ ఎందుకని తానే పెద్దరికంగా అన్నాడు. ఆయన దొడ్లోంచే ఒక పొట్టేలును పట్టుకొచ్చారు. ఐలేశం చెయ్యి ముంతలో ఉండగానే అది తలనుంచి తోకదాకా విదిలించింది. దొరకు నవ్వు మొహం పెట్టక తప్పలేదు.

గుర్వయ్య తమ పొట్టేలు తాడు పట్టుకుని ఇంటి దారిన ఉరికినట్టే నడిచాడు. వాగు దగ్గర గోపమ్మ ఆగింది. పొద్దుటి నుంచి ఒకటే సంగతి ఆమెను తొలుస్తోంది. వద్దు వద్దని ఆయన అంటుండగానే వంగి, దోసిలితో నీళ్లు తీసి పొట్టేలు వీపు మీద చల్లింది.

పొట్టేలు ఒళ్లంతా గలగలలాడేటట్టు విదిలించింది. తుంపర ఇద్దరి మొహాల మీదా పడింది.

గోపమ్మ ఊరి దిక్కు ఒకసారి చూసింది. ఎవరూ లేరు. భుజం మీది గొంగడి తీసి దాన్ని కొమ్ముల దాకా కప్పేసింది.

"అడుగుడు నీకు ఎప్పుడు తక్కువైతదే?" అన్నాడు గుర్వయ్య, మొహం మీది నీళ్లు తుడుచుకుంటూ.

"ఇయ్యాల్టికి అయిపోయింది," అంది ఆమె. "జర జల్ది నడువు. మల్లా విదిలిస్తదేమో."