డాక్టరుగారి జర్మన్ పాఠం

శంషాబాద్ దవాఖాన బెంచీకి ఒక కాలు పొట్టి; ఏ జబ్బూ లేనివాడికి కూడా తల తిరిగేది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆ బెంచీమీదే అక్కడి డాక్టరుగారి దగ్గర జర్మన్ నేర్చుకున్నాను. పేరు చెప్పడం, స్టేషనుకు దారి అడగడం కాలేజీలోనే వచ్చింది.

"అది బయటివాళ్లతో సరిపోతుంది. ఇంట్లోవాళ్లతో మాట్లాడాలంటే పోట్లాట రావాలి" అనేవారు డాక్టరుగారు.

బెర్లిన్‌లో జర్మన్ భార్యతో పోట్లాడి వచ్చేశారట. యుద్ధంతో ఉత్తరాలు ఆగిపోయాయి. అందుకని పాఠంలో నేను అలిగిన భార్యను. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ క్షమించమని జర్మన్‌లో బతిమాలేవారు. నేను ఒప్పుకోకుండా కొత్త తప్పులు వెతకాలి. నా జర్మన్ అలా ముదిరింది.

ఒకరోజు ఆయన కళ్లజోడు పక్కనపెట్టి కళ్లు తుడుచుకున్నారు. నేను పాఠం మరిచి క్షమించేశాను. ఊడుస్తున్న ఆయమ్మ సంగతేందని అడిగితే చెప్పాను. ఆమె డాక్టరుగారి వైపు తిరిగింది.

"ఈ పిలగాడు మాఫ్ జేస్తె ఏమొస్తది సాబ్? ఆమె గద జెయ్యాలె."