బల్లకెక్కిన కత్తిపీట

ఎదురు ఫ్లాటులో ఎవరో వెల్లుల్లి వేయించి వెనిగర్ పోసినట్టున్నారు. ఆ పుల్లటి ఘాటు మా వంటింట్లోకి రాగానే మరిసెల్ గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఫిలిప్పీన్స్ అమ్మాయి, ఆమె వంటకు ఎప్పుడూ ఇదే వాసన. ఢిల్లీలో ఒక కాలేజీలో తత్వశాస్త్రం చెప్పడానికి వచ్చి, ద్వారకలో మా పక్క ఫ్లాటులో కొన్నాళ్ళుంది. చిన్నప్పుడే పోలియోతో కాళ్ళు చచ్చుబడి, చక్రాల కుర్చీలో తిరిగేది. నేను నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని. మా ఇద్దరినీ కలిపింది వచ్చీరాని హిందీ.

అప్పుడే నా మోకాళ్ళు అరిగి, నేల మీద కూర్చోవద్దన్నాడు డాక్టరు. కూర్చోకపోతే కత్తిపీట లేదు. చాకు నాకు అలవాటు లేదు. "రెస్ట్ తీసుకోండి అత్తయ్యా, కోసిన కూరముక్కల ప్యాకెట్లు తెప్పిస్తాను" అంది కోడలు, మంచికే. ఆ దండగ ఒక మంట. నా వంటింట్లో నేనే చుట్టంలా కూర్చోవడం ఇంకో మంట. "కూర తరగలేని ఆడది ఇంట్లో ఎందుకు?" అనేశాను మరిసెల్ దగ్గర.

ఆమె పకపకా నవ్వింది. "అచ్ఛా! అయితే నన్నెప్పుడో పారెయ్యాలి ఆంటీ." వాళ్ళ ఊళ్ళో ఆడపిల్లలు పొట్టి పీట మీద కూర్చుని, దాని కొసనున్న ఇనుప పళ్ళతో కొబ్బరి కోరుతారట. "నేను కూర్చోలేనని, నన్నెవడు చేసుకుంటాడని మా అమ్మమ్మ ఏడ్చేది. మా నాన్న ఆ పీటను బల్లకు బిగించాడు. లోపం నా కాళ్ళలో లేదు, పీట ఎత్తులో ఉందని ఆ రోజు తెలిసింది. ఇప్పుడు కాలేజీలో అదే చెబుతున్నా."

"ఇదీ చదువేనా?"

"చదువే. మనసు వేరు, ఒళ్ళు వేరు కాదంటారు మా తత్వవేత్తలు కొందరు. మా భాషలో కప్వా అని ఇంకో మాటుంది. ఎదుటి మనిషి పరాయి కాదు, ఆ మనిషిలోనూ నేనున్నానని. నా కాళ్ళకు మీరు, మీ మోకాళ్ళకు నేను."

మర్నాడే వడ్రంగిని పట్టుకొచ్చింది. "భయ్యా, ఇస్కో టేబుల్ పే కస్ దో" అని, దాన్ని బల్లకు బిగించమంది. అతను కత్తిపీటనూ నన్నూ మార్చి మార్చి చూశాడు. పాత బల్లే, ఇంట్లో ఉన్న మరలే, ఖర్చు లేదు కదా అని ఒప్పుకున్నాను. కాలితో తొక్కిపట్టే పని మరలు చేశాయి. కుర్చీలో కూర్చుని మొదటి దొండకాయ కోసేసరికి నా చేతికి ప్రాణం లేచొచ్చింది.

ఆఫీసు నుంచి వచ్చిన మా అబ్బాయితో మరిసెల్ అంది: "భయ్యా, నేల మీద కూర్చోలేనని ఇక తప్పించుకోలేరు." మగవాడు కత్తిపీట ముందా అని నోటిదాకా వచ్చింది. మింగేసి, కుర్చీ వాడివైపు జరిపాను. "సన్నగా కోయరా, ఇవేం మొద్దులు!"

మరిసెల్ వాళ్ళ దేశం వెళ్ళిపోయింది. ఎవరైనా చేతకాదంటే వాళ్ళను ఎగాదిగా చూడడం మాత్రం నేను మానేశాను. వాళ్ళ చుట్టూ ఏముందో చూస్తాను. మొన్న మేడ మీద జరిగిన మా సొసైటీ మీటింగులో, కింది ఫ్లాటు పెద్దాయన మెట్లెక్కలేక రావడం లేదని సెక్రటరీ జాలిపడ్డాడు. "ఆయన ఎక్కడమెందుకు? మీటింగునే కిందికి దించండి" అన్నాను. దించారు. పెద్దాయన వచ్చి, పాడైన లిఫ్టుతో మొదలుపెట్టి నీళ్ళ ట్యాంకు దాకా అందరినీ దులిపేశాడు. ఎంత హాయిగా ఉందో నాకు!