తప్పు చెయ్యిదా, కంప్యూటర్‌దా

మొయినాబాద్ రోడ్డు మీద రామేశ్వర్‌కు సిమెంటు, ఇనుము దుకాణం ఉన్నది. చుట్టుపక్కల ఊర్లల్ల ఫామ్‌హౌజులు లేస్తున్న రోజులు కాబట్టి గిరాకీకి కొదవ లేకుండె. దుకాణానికని కొన్న కంప్యూటర్‌ల కారు ఆట ఒకటి ఉండేది. ఎదురుంగ లారీలొస్తుంటె బాణం మీటలు నొక్కుకుంట ఎర్ర కారును తప్పించాలె. మధ్యాహ్నం గిరాకీ పలచబడంగనే ఒక ఆట ఆడితేగాని ఆయన అన్నానికి లేవకపోతుండె.

ఒక ఎండకాలం ఆయనకు పక్షవాతం వచ్చింది. దవాఖాన నుంచి ఇంటికొచ్చేసరికి కాలు కుదుటపడ్డది గని, కుడి చెయ్యి మొద్దుబారే ఉన్నది. వేళ్లకు పని చెప్పుమన్నడు డాక్టర్. రామేశ్వర్‌కు ముందుగాల కారు ఆటే యాదికొచ్చింది.

ఆయన దవాఖానల ఉన్నప్పుడే కొడుకు పాత కంప్యూటర్ తీసేసి కొత్తది పెట్టిండు. పాతదాంట్లున్నయన్నీ కొత్తదాంట్లకెక్కించిండు. రామేశ్వర్ కూసొని ఆట మొదలుపెట్టిండు. వేలు మీట మీద ఆనకముందే కారు లారీని గుద్దింది. మళ్ల మొదలుపెట్టిండు, మళ్ల గుద్దింది. చెయ్యి మొత్తానికే పోయిందనుకున్నడు.

ఎడమ చేత్తోని ఆడి చూసిండు. గట్లనే గుద్దింది. ఆయనకు మనసు కలతపడ్డది. జబ్బు కుడి దిక్కే అన్నరు గద? ఎడమ చేత్తోని కింద పడ్డ ఇనుప మొల తీసిండు, తూకం రాయి లేపిండు. అన్నీ చక్కగనే అయినయ్. మరి తప్పు కండ్లదా? ఎవరికీ చెప్పకుండ చేవెళ్ల పోయి కండ్లు చూపించుకున్నడు. ఏ దోషం లేదన్నరు. ఇగ దెబ్బతిన్నది తెలివేనని తనంతల తనే తీర్పు చెప్పుకున్నడు.

కోడలు భవిత గచ్చిబౌలిల ఒక కంపెనీల ఇంజనీరు. ఆదివారం పొద్దున ఆమెను పిలిచి దుకాణం తాళాలు చేతుల పెట్టిండు.

"మీ ఆయనకియ్యి బిడ్డా. నేను ఇగ కూసోలేను."

"ఏమైంది మామయ్యా?"

ఆయన దుకాణానికి తీస్కపోయి ఆట చూపించిండు. భవిత కూసొని ఆడింది. ఆమె కారు కూడ కన్ను మూసి తెరిచేలోపల గుద్దింది.

"నాకు పక్షవాతం రాలేదు గద మామయ్యా. ఇది పాత ఆట. కంప్యూటర్ ఎంత జోరు మీదుంటే ఇది అంత ఉరుకుతది. కొత్త కంప్యూటర్‌కు జోరెక్కువ."

"అంటే ఆట ఉరుకుతున్నదా, నేను మెల్లగైననా?"

"ఆటే ఉరుకుతున్నది. మీ సంగతి ఇంకా తెలువదు."

ఆమె ఇంటర్నెట్ నుంచి ఒక ప్రోగ్రాం దించి ఎక్కించింది. దాంట్ల ఆడితే కొత్త కంప్యూటర్ పాతదాని లెక్కనే నడుస్తదట. జోరు పెంచొచ్చు, తగ్గించొచ్చు.

"ముందు ఎంత జోరు మీద పోతుండె?" అని అడిగింది.

రామేశ్వర్ ఆలోచనల పడ్డడు. రోజూ ఆడిన ఆటనే, గని జోరును ఏ మాటల చెప్తడు? ఆమె తగ్గించింది. లారీలు ఎడ్లబండ్ల లెక్క వచ్చినయ్. "ఇంత మెల్లగ కాదు" అన్నడు. పెంచింది. "జర ఎక్కువైంది." మళ్ల తగ్గించింది. ఈసారి కుడి చేతి వేలు సమయానికి మీటను నొక్కింది. కారు ఒక లారీని తప్పించింది, ఇంకో లారీని తప్పించింది, తర్వాత గుద్దింది.

"గిదేనా మామయ్యా?"

"గిదే కావొచ్చు. కాదేమో. మునుపు ఇంకా దూరం పోతుంటి. జోరెక్కువున్నదో, చెయ్యే మెల్లగైందో."

భవిత జోరు మార్చే మీటలు చూపించి లేచింది.

తెల్లారి రామేశ్వర్ కోడలి దగ్గర తాళాలు అడిగి తీసుకున్నడు. అప్పటి సంది ఒకరోజు జోరు పెంచుతడు, ఒకరోజు తగ్గిస్తడు. చెయ్యి ఎట్లున్నదని భవిత అడిగితే, "తెలుస్తలేదు బిడ్డా" అంటడు. దసరా దాటినంక ఒక మధ్యాహ్నం కారు చాన దూరం పోయింది. చెయ్యి బాగైందా, నిన్న జోరు తగ్గించి మర్చిపోయిండా అని ఆయన చాన సేపు తెర దిక్కే చూసుకుంట కూసున్నడు. ఇంతల గిరాకీ వచ్చి సిమెంటు అడిగితే లేచి పోయిండు.