ఆటీను రాని కీబోర్డు

ఇప్పుడంటే ఫోను మీద వేలు తగిలితే చాలు, గుండె బొమ్మలు గుంపులుగా పడతాండాయి. ఆ రోజుల్లో కంప్యూటరు మీద ఒక్క బొమ్మ తెప్పించాలంటే ఎడమచేత్తో ఆల్ట్ కీ అదిమిపట్టి, కుడిచేత్తో దాని అంకె నొక్కి, ఊపిరి బిగబట్టి చెయ్యి వదలాల. టక్కుమని తెర మీద ♦ ఊడిపడేది! నాలుగుకు డైమను, ఐదుకు కళావరు, ఆరుకు ఇస్పేటు! పేకాట మరిగి తొమ్మిదో తరగతిలోనే బడికి దండం పెట్టిన నాకు (అందుకు నాయన బెత్తంతో నా వీపున నేసిన బార్డరు ఇంకా ఉండాది) ఇంతకంటే మంచి చదువు ఇంకేముంటాది?

ధర్మవరంలో డీటీపీ అంగట్లో చేరిన మొదటి వారమే ఈ విద్య పట్టుబడింది. ఒకటే లోటు. అంకెల్లో మూడు కీ చచ్చిపోయి ఉండె. మూడు నొక్కితేనే గదా ఆటీను, అంటే గుండె బొమ్మ, వచ్చేది! "అన్నా, ఆటీను లేకుండా ఆటెట్ల?" అని అడిగితే అంగడి ఓనరు జిరాక్సన్న, "ఉన్న ముక్కలతో ఆడుకో పోరా" అనినాడు. ఆడుకున్నా. పేజీ నిండా ♠♦♣ ♠♦♣ అని వరసలు పేర్చి, సంబరం పట్టలేక ప్రింటు గూడా తీసినా. జిరాక్సన్న తిట్లు తిని, ఆ కాగితంలోనే మిరపకాయ బజ్జీలు చుట్టించుకోని ఇంటికి పోయినా.

నాయనది మగ్గం. అప్పటికి వారం కిందటే, మా చీరలు కొనే షావుకారు, "పాత నెమళ్ళు, పాత హంసలు ఇంక చాలప్పా. కొత్త బార్డరు తే, లేదా మగ్గం ఆపుకో" అని తెగేసి చెప్పినాడు. బజ్జీలయినాక కాగితం నలిపి పారేయబోయిన నాయన చెయ్యి ఆగిపోయింది. ఒకే బొమ్మ వరసగా కనపడితే నేసేవాని కంటికి అది బార్డరే.

"ఎవురేసినార్రా ఇది?"

"నేనే నాయనా."

"నువ్వా!"

పుట్టినప్పటి నుంచి ఆయన నన్ను అంత ముద్దుగా చూసింది లేదు. అవి పేకముక్కలని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మరుసటి రోజే ఆ నూనె కాగితం చీరల డిజైన్లకు గ్రాఫు గీసేవాని చేతికి పోయింది. మగ్గానికి బొమ్మ చెప్పే జకార్డు అట్టలకు చిల్లులు పడినాయి. జరీ ఇస్పేట్లు తళతళమని మగ్గం మీదికి ఎక్కతాంటే, నా గుండె రాట్నం మీది కండె కంటే జోరుగా తిరిగింది.

చీర తీసుకోని ఇద్దరమూ షావుకారు అంగడికి పోయినాము. ఆయన మడత విప్పి, అద్దాలు సర్దుకున్నాడు. "ఏమప్పా, ఇది ఇస్పేటు గదా! ఇదేమో కళావరు!"

నా పని అయిపోయిందనుకున్నా. అంతలో వెనకనుంచి షావుకారమ్మ, "ఇస్పేటని మీకెట్ల తెలుసు? పేకముక్క ముట్టిందే లేదని నా తల మీద ఒట్టేసినారే!" అనింది.

షావుకారు మొహం ఉతికిన పంచె మాదిరి అయిపోయింది. "ఇస్పేటు యాడిదే? తమలపాకు! చూడు, కాడ గూడా ఉండాది!"

ఆయమ్మ కొంగు భుజాన వేసుకోని అద్దం ముందర అటూ ఇటూ తిరిగింది. "తమలపాకుల బార్డరా! పెండ్లికి ఇంతకంటే శుభమేముంటాది?"

"ఇట్లాటివే ఇంకో ఆరు నేయప్పా," అనినాడు షావుకారు, నా పక్క చూడకుండా.

తిరిగొచ్చేటప్పుడు సైకిలు వెనక కూచోని నేను గాల్లో తేలతాండా. నాయన తొక్కుతానే, వెనక్కి తిరగకుండా అడిగినాడు: "అంతా బాగుండాది గానీ, ఆటీను యాడ పోయెరా?"

జారి కింద పడబోయినా. "నాయనా! నీకు పేకాట..."

"నోర్మూసుకోని కూచో. మీయమ్మకు చెప్పినావంటే కాళ్ళిరగ్గొడతా."

ఇప్పుడు నాయన చేతిలో గూడా ఫోను ఉండాది. వాన పడిందన్నా గుండె బొమ్మే, కరెంటు పోయిందన్నా గుండె బొమ్మే పంపుతాడు. మొన్న నాకు ఒకటే ఒకటి పంపి, కింద రాసినాడు: "దొరికిందిలేరా ఆటీను." బదులుగా ఇస్పేటు పంపుదామని ఫోను తీసినా. యాడుందో తెలీక, నా ఎడమ బొటనవేలు ఆల్ట్ కీ కోసం ఫోను అంచంతా తడుముకుంటాండాది.