అక్కా అని పిలిచిన కూతుళ్లు

మా సోషల్ టీచర్ పోయారన్న కబురు వచ్చేటప్పటికి నేను ఆమె మీద విసుక్కుంటూ ఉన్నాను. ముందురోజు సాయంత్రం దవాఖాన మంచం మీద నుంచి ఆమె మాట్లాడి పంపిన సందేశం ఫోనులో అలాగే ఉంది. నా అనువాదానికి నేను రాసుకున్న ముందుమాటలో ఒక వాక్యం తీసేయాలని మళ్లీ అదే పోరు. ఈసారి ఇంకెంత ఓపికగా జవాబు చెప్పాలా అని ఆలోచిస్తుండగా గోదావరిఖని నుంచి వాళ్ల పక్కింటామె ఫోను చేసింది. "టీచరమ్మ పోయిందక్కా, పొద్దుగాలనే. అవ్వను ఎట్ల పట్టుకోవాల్నో సమజైతలేదు. నువ్వు జల్ది రా."

అవ్వ అంటే టీచర్ తల్లి. తొంభైకి దగ్గరపడిన మనిషి. ఆ ఇంట్లో ఉన్నది వాళ్లిద్దరే.

వాదన సగంలో వదిలి వెళ్లిపోవడం మా టీచర్ స్వభావం కాదు. అందుకే కాబోలు, ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది.

యుద్ధకాలపు సాక్ష్యాలను తెలుగులోకి తేవడం నా వృత్తి. కొంతకాలంగా నా బల్ల మీద ఉన్నవి ఒక యూదు స్త్రీ వృద్ధాప్యంలో రాసుకున్న జ్ఞాపకాలు. నాజీలు ఆమె పట్టణంలోని యూదులందరినీ రైలు పెట్టెల్లో కుక్కి శిబిరానికి తరలించినప్పుడు ఆమెకు పదిహేనేళ్లు. తండ్రినీ తమ్ముడినీ రైలు దిగిన చోటే వేరే వరుసలోకి తోశారు. వాళ్లను ఆమె మళ్లీ చూడలేదు. తల్లి ఒక్కతే పక్కన మిగిలింది. అక్కడ సామాను దింపుతున్న పాత ఖైదీ ఒకడు పెదవులు కదిలీ కదలకుండా చెప్పాడట, తల్లీకూతుళ్లమని చెప్పవద్దు, విడదీస్తారు అని. ఆ నిమిషం నుంచి ఆ పిల్ల తల్లిని అక్కా అని పిలవడం మొదలుపెట్టింది. ఆకలిలో, జ్వరంలో, నిద్రలో కూడా అమ్మా అనే మాట నోరు జారకుండా కాచుకుంది. పుస్తకమంతా ఆ ఒక్క పిలుపు చుట్టూ తిరుగుతుంది.

ప్రతి అధ్యాయానికీ తొలి పాఠకురాలు మా టీచరే. ఆ హక్కు ఆమెది. మా ఎనిమిదో తరగతి పుస్తకంలో యూదుల హత్యాకాండ ఒకే ఒక్క వాక్యం. చదువుతున్న అమ్మాయి చుక్క దగ్గర ఊపిరి పీల్చుకుని తరువాతి పేరాలోకి పోబోతే టీచర్ అరచెయ్యి ఎత్తి ఆపారు. "ఎటు ఉరుకుతున్నవే? గా వాక్యంల అంతమంది మనుషులున్నరు. జర ఆగు." తరగతి తరగతంతా ఆగింది. ఎందుకు ఆగామో మాకు తెలియదు. షిఫ్టు వేళ కాని వేళ బొగ్గుబావి సైరన్ మోగితే మాత్రం మేం ఎవరూ చెప్పకుండానే అలా ఆగేవాళ్లం. ఎవరి నాన్న డ్యూటీలో ఉన్నాడో లెక్క చూసుకుంటూ. ఆ రోజు టీచర్ మమ్మల్ని ముక్కూ ముఖం తెలియని మనుషుల కోసం ఆపారు. నా వృత్తి అక్కడ మొదలైంది.

ఆ అరచెయ్యి ఆమె రిటైరయ్యాక కూడా దిగలేదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక వరండాలో అవ్వ చింతపండు గింజలు తీస్తుంటే టీచర్ నా అనువాదం పైకి చదివి వినిపించేవారు. శిబిరంలోకి అడుగుపెట్టే అధ్యాయం పంపిన కొన్నాళ్లకు నేనే స్వయంగా వెళ్లాను. ఆ ఘట్టం మీద నాకు చాలా నమ్మకం ఉండేది.

"ఎట్లుంది అవ్వా?" అని అడిగాను.

"మంచిగున్నది. పిల్ల తల్లిని అక్కా అంటది. అయితే ఏమైంది బిడ్డా? మా పిల్ల గూడ నన్ను గట్లనే అంటది."

టీచర్ ముఖం అటు తిప్పుకుని నవ్వు ఆపుకుంటున్నారు. అది నిజమే. నాకు గుర్తుండవలసిన సంగతే. బావి పనికని ఊరి నుంచి వచ్చిన అవ్వ తమ్ముళ్లు వాళ్ల క్వార్టర్లోనే ఉండేవాళ్లు. వాళ్లు అక్కా అక్కా అంటుంటే పసిపిల్ల నోటికి అదే పట్టింది. ఈ ప్రాంతంలో అది వింత కాదు. ఉమ్మడి కాపురాలలో తల్లిని అక్క అనీ వదిన అనీ పిలిచే పిల్లలు వీధికి నలుగురుంటారు. అరవై దాటినా మా టీచర్ తల్లిని అక్కా అనే పిలిచేవారు.

"ఆ పిల్ల ఇష్టంతో కాదవ్వా, భయంతో పిలిచింది," అన్నాను.

"భయమెందుకు? అక్కంటే తక్కువనా?"

"చూసినవా," అన్నారు టీచర్. "యూరప్ అంత గెలిచి మా వరండాల ఫేలైనవ్."

అడుగున వివరణ ఇస్తానన్నాను. అరచెయ్యి లేచింది. "నేను చదువుతుంటే అక్క వింటది. నడుమ ఆపి అడుగున రాసింది చెప్పాల్నా? కథనా, పరీక్షనా?" పోనీ పిలుపు మారుస్తానన్నాను. "ఆ పిల్ల అన్నది అదే అయినప్పుడు నువ్వెవరు మార్చేటందుకు?" వివరణ రాయనివ్వరు, పిలుపు మార్చనివ్వరు. ఇంటికి తిరిగి వచ్చే దారి పొడవునా నా పళ్లు నేనే నూరుకున్నాను.

రెండో పేచీ ముందుమాట గురించి. 'తల్లి ప్రేమే ఆ అమ్మాయిని బతికించింది' అని రాశాను. చదివినవాళ్లందరికీ నచ్చిన వాక్యం. టీచర్ ఫోను చేశారు.

"ఇది ఆమె రాసిందా, నువ్వు రాసినవా?"

"నేనే, టీచర్."

"తీసెయ్."

"అందులో తప్పేముంది?"

"పక్క వరుసల పోయిన పిల్లకు తల్లి లేకుండెనా? ఆ తల్లికి ప్రేమ తక్కువైందా?"

అలా అర్థం తీయకూడదని నచ్చజెప్పబోయాను. ఆమె అంతకు ముందెన్నడూ చెప్పని సంగతి చెప్పారు. తన చిన్నతనంలో బావిలో కప్పు కూలింది. ఒకేచోట పనిచేస్తున్న ఇద్దరిలో పక్క క్వార్టరాయన బయటికొచ్చాడు, టీచర్ నాన్న రాలేదు. చూడవచ్చిన ఆడవాళ్లు బతికినాయన భార్యతో, "నీ తాళి గట్టిది పిల్లా," అన్నారు. అవ్వ అక్కడే గోడకానుకుని కూర్చుని ఉంది.

"అన్నోళ్లు చెడ్డోళ్లు గాదు బిడ్డా. మాకు అన్నం వండి తెచ్చినోళ్లే. కని ఆ మాట అక్క ఇప్పటిదాంక మోస్తున్నది. ఒకామె తాళి గట్టిదంటే ఇంకొకామెది ఏంది? నీ పుస్తకంల గూడ అక్కకు గదే మాట వినపడాల్నా?"

ఆలోచిస్తానన్నాను. "ఆలోచించు, కని జల్ది ఆలోచించు," అన్నారు. అప్పటికే ఆమె కిడ్నీలు మొరాయిస్తున్నాయి. నేను మాత్రం మంచి వాక్యాన్ని ఎందుకు వదులుకోవాలో తేల్చుకోలేక రోజులు నెట్టాను. ఆఖరి సందేశంలో ఆమె గొంతు బాగా తగ్గిపోయింది. విసుగు మాత్రం తగ్గలేదు. "బిడ్డా, ఆ ముక్క తీసినవా లేదా? చివరి అధ్యాయం అక్కకు నువ్వే చదవాలె గావచ్చు. తీసినంకనే చదువు."

ఇల్లు చేరేసరికి వరండా నిండా మనుషులు. "తల్లి ఉండంగ బిడ్డ పోవుడేందో, ఏ జన్మల పాపమో," అంటోంది ఒకామె. "అట్లనకు, పుణ్యాత్మురాలు, తల్లి చేతులల్ల పోయింది," అని ఇంకొకామె ఓదార్పు. మళ్లీ అదే తూకం. చావుకొక కారణం, బతుక్కొక యోగ్యత. మా టీచర్ ఉంటే అరచెయ్యి లేచేది. నాకు చెయ్యెత్తే ధైర్యం లేకపోయింది. బతుక్కొక యోగ్యత ఉందన్న ఆ మాటనే నా ముందుమాటలో అచ్చు వేయించబోయింది నేనే కదా. చెప్పులు విప్పిన చోటే నిలబడి, ఫోనులో ఆ వాక్యం తీసేసి లోపలికి వెళ్లాను.

అవ్వ ఏడవడం లేదు. కోపంగా ఉంది.

"వచ్చినవా? నీ పుస్తకం చదివి చదివి పిల్ల ఖరాబైంది."

"ఏమైందవ్వా?"

"దవాఖానల చెయ్యి పట్టుకొని అమ్మా అన్నది. ఇన్నేండ్లల్ల ఎన్నడన్న అన్నదా? నర్సమ్మను పిలుస్తుందనుకున్న. 'ఎవరినే' అని అడిగిన. నిన్నే అన్నది. ఇగ పలుకుదామంటే సప్పుడు లేదు." అంతటితో ఆగలేదు. "ఒక్క గడియ ఆగరాదా? గంత తొందరేంది దీనికి?"

టీచర్ ఆ మాట ఎందుకన్నారో నేను చెప్పలేను. తెలియని చోట కారణం కల్పించకూడదని నేర్పినది ఆమే.

దినాలన్నీ అయ్యాక ఒక మధ్యాహ్నం చివరి అధ్యాయం పట్టుకుని వెళ్లాను. అవ్వ ముందు చింతపండు చాట. నేను టీచర్ కూర్చునే చోట కాకుండా కొంచెం పక్కన కూర్చుని చదివాను. శిబిరం ఖాళీ చేయించి ఖైదీలను మంచులో నడిపించుకుంటూ పోయిన కావలివాళ్లు ఒక తెల్లవారుజామున పారిపోయారు. తల్లీకూతుళ్లు ఒక పశువులపాకలో గడ్డి కప్పుకుని పడి ఉన్నారు. నాజీలను తరుముకుంటూ వేరే సైనికులు వచ్చి, మీరిద్దరూ ఏమవుతారని అడిగారు. ఆ పిల్ల అలవాటుగా అక్క అనబోయింది. నోరు తెరిచి ఆగింది. చుట్టూ చూసింది. ఇక ఎవరూ విడదీయరని నమ్మడానికి కొంతసేపు పట్టింది. ఆ తరువాత తల్లి వైపు తిరిగి, అమ్మా, అంది.

అవ్వ అరచెయ్యి ఎత్తింది.

టీచర్ ఆ చెయ్యి ఎక్కడ నేర్చుకున్నారో అప్పుడు తెలిసింది. దూరంగా షిఫ్టు సైరన్ మోగి ఆగింది. అవ్వ వేళ్ల మధ్య ఒక గింజ అలాగే ఉంది.

"గిప్పుడు సమజైంది," అంది. "ఆ తల్లి పలికిందా?"

"పలికిందవ్వా."

"ఏమన్నది?"

కాగితం చూశాను. "ఆఁ, చెప్పు బిడ్డా, అంది."

అవ్వ చెయ్యి దించింది. తల తిప్పి, లోపలి గదిలో నుంచి ఎవరో పిలిస్తే పలికినట్టు, "ఆఁ, చెప్పు బిడ్డా," అంది. ఆ తరువాత చాలాసేపు చెవి అటే పెట్టి కూర్చుంది.