తాళం లేని ఇంట్లో గొలుసు పెట్టె

ఆ ఏడు కలకత్తా నుంచి ఓడలో వెళ్లి, ఇంగ్లండులో ఒక పాతకాలపు పల్లెటూళ్లో నాలుగు రోజులు సెలవు గడిపాం. గది అద్దెకిచ్చిన ముసలావిడ తలుపుకి తాళమే లేదంది. "మా తాతల నాటి ఇల్లు, ఎప్పుడూ అవసరం పడలేదు" అంది. అంత నిశ్చింతగా చెబితే నాకు అనుమానం రాదా? పెట్టెలో మా అమ్మ ఇచ్చిన కాసులపేరు ఉంది. హౌరా పక్కన టికియాపారాలోని మా రైల్వే క్వార్టర్సులో వదలడానికి మనసొప్పక వెంట తెచ్చాను. రైల్లో పెట్టెను బెర్తుకి కట్టే గొలుసు తీసి, ఇక్కడ మంచం కోడుకి కట్టి తాళం వేశాను.

"ఏటే, హౌరా స్టేషననుకున్నావేటి? ఆవిడ సూత్తే ఏటనుకుంటాది?" అన్నారు మా ఆయన.

"అనుకోనీండి. పోతే మీరు తెత్తారేటి?" అన్నాను.

మర్నాడు గది ఊడవడానికి వచ్చిన ముసలావిడ గొలుసు చూసింది. నేను పోట్లాటకి సిద్ధంగానే ఉన్నాను. ఆవిడ గబగబా కిందికి వెళ్లి, వెండి చెంచాల డబ్బా తెచ్చింది.

"ఇది కూడా మీ పెట్టెలో పెట్టి తాళం వెయ్యండి. మధ్యాహ్నం మా ఆడపడుచు వస్తోంది" అంది గుసగుసగా.

పన్నెండు చెంచాలూ ఆవిడ చేతే లెక్కపెట్టించి మరీ తీసుకున్నాను.