ఆగ్నేయంలో వైఫై పెట్టెలు

ప్రొద్దుటూరులో మేముండే భవనానికి నాలుగు అంతస్తులు, అంతస్తుకొక ఇల్లు. వాస్తు చూసే పెద్దమనిషి ఒకాయన వచ్చి, వైఫై పెట్టె వేడెక్కుతుంది గనుక అది అగ్నికి చెందినదనీ, ఆగ్నేయ మూలలోనే ఉండాలనీ తేల్చాడు. ఆగ్నేయమంటే వంటిల్లు. అలా మా పెట్టెలన్నీ పొయ్యిల పక్కన, స్టీలు గిన్నెల నడుమ, ఒకదాని నెత్తిన ఒకటి కొలువుదీరాయి. మా పెట్టెకు నేను కుంకుమ బొట్టు కూడా పెట్టాను. నాన్న దగ్గర ఇంట్లోనే చదువుకున్నదాన్ని. తెలియని వస్తువు కనిపిస్తే ముందు దండం పెట్టడం నా అలవాటు.

సిగ్నల్ మాత్రం సరిగా వచ్చేది కాదు. సింహాద్రిపురం నుంచి వచ్చి కింది ఇంట్లో స్థిరపడిన రైతు పెద్దాయన రెండు యాంటెన్నాల పెట్టె తీసేసి నాలుగున్నది తెచ్చాడు. అది చూసి మావారూ తెచ్చారు. దాంతో పెద్దాయన ఎనిమిదున్నది తెచ్చాడు.

మా పై ఇంటామెకు ఈ పోటీ పట్టదు. భర్త కువైట్‌లో డ్రైవరు. ఆ శనివారం కూతురి నిశ్చితార్థానికి జమ్మలమడుగు నుంచి పెళ్ళికొడుకువాళ్ళు వస్తున్నారు. పిల్ల తండ్రికి సెలవు దొరకలేదు. మా సందులో ఫోను సిగ్నలూ అంతంతే కాబట్టి, వైఫై పలికితేనే చూడగలడు.

“మాట్లాడతా మాట్లాడతా బొమ్మైపోతాడక్కా. తెరిచిన నోరు తెరిచినట్లే. ఆ పొద్దు గూడా ఇట్లయితే బిడ్డ మొగం యాడ చూస్తాడు?” అంది మెట్ల మీద కూలబడి.

దేవుడి దయవల్ల, పులివెందులలో ఇంజనీరింగు పైచదువు చదివే నా మేనకోడలు వచ్చింది. వంటింట్లో పెట్టెను చూసి నవ్వాపుకోలేకపోయింది.

“ఏందత్తా, దీనికి తిరగమాత పెడ్తాండారా?”

పెట్టెలన్నీ ఒకే చానల్లో అరుస్తున్నాయట. యాంటెన్నాలు ఎక్కువున్న పెట్టెకు మాటను కావలసినవాళ్ళ వైపే పంపి, పక్కవాళ్ళ వైపు గొంతు తగ్గించే తెలివి ఉంటుందట. గిన్నెల మధ్య ఆ తెలివి చెదిరిపోతుందట. ఒకదానికొకటి అడ్డురాని చానళ్ళు మూడే, ఇళ్ళు నాలుగు. ముగ్గురు తలా ఒకటి తీసుకుని, ఒకరు ఆ పూటకు ఆపేస్తే చాలంది.

ఒకరు ఆపాలని అందరూ ఒప్పుకున్నారు. మిగిలిన ఇంకో ఇంటివాళ్ళు మాత్రం ఒకటో నంబరు చానలిస్తేనే మారుస్తామన్నారు.

“ఎనిమిది కొమ్ములది తెచ్చింది ఆపుకునేదానికా పాపా? మీ అత్తోళ్ళది ఆపుకోమను,” అన్నాడు పెద్దాయన.

“చానలన్నా మారుస్తా మామా.”

“మార్చుకో. మూల మాత్రం మార్చొద్దు.”

శనివారాలు గండి ఆంజనేయస్వామి భక్తురాళ్ళం ఫోనులోనే కలిసి పారాయణ చేస్తాం. చదివించేది నేను. ఆ వారం స్వామికి మనసులోనే చెప్పుకుని మా పెట్టె ఆపేశాను.

పై ఇంట్లో ఫోను తెర మీద కువైట్ ఆయన కదిలాడు, నవ్వాడు. “తల ఎత్తు బిడ్డా, ముక్కుపుడక కొత్తదా?” అనడం అందరికీ వినబడింది. పై ఇంటామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇంతలో పెద్దాయన జాంగ్రీ తింటూ ఫోను ముందుకొచ్చాడు.

“చూసినావా అల్లుడా, నా పెట్టె బలం! నాలుగో అంతస్తు దాకా కొడ్తాంది!”

“శానా మేలు చేసినావు మామా,” అంటూ కువైట్ నుంచి సలాం చేశాడాయన.

మేనకోడలు నోరు తెరిచేలోగా నేనామె చేతిలో జాంగ్రీ పెట్టి, పెద్దాయనకు నమస్కరించాను. చానల్ మార్చనిచ్చాడు, అదే పదివేలు.

“నిఖాకు ఇంకా పెద్దది తెస్తా. రంగం అదిరిపోవాల!” అన్నాడాయన.

పై ఇంటామె నావైపు చూసింది. నిఖా దాకా వ్యవధి ఉన్నందుకు స్వామికి దండం పెట్టుకున్నాను.